జాజెన్‌లో, అంటే జెన్ బౌద్ధుల ధ్యానంలో, కూర్చున్నప్పుడు కోపం ముంచుకొస్తే ఏం చేయాలి?

సామానుతో పెద్ద పని లేదు. గట్టి దిండు, కింద దుప్పటి, ఎదురుగా ఖాళీ గోడ. దిండు అంచున కూర్చుంటే మోకాళ్లు రెండూ నేలకు ఆనాలి. ఆనకపోతే కుర్చీ వేసుకోండి. కుడి అరచేతిలో ఎడమ అరచెయ్యి పెట్టి, బొటనవేళ్ల కొసలు తాకీ తాకనట్టు ఉంచండి. కళ్లు సగం తెరిచే ఉండాలి. మూస్తే లోపల సినిమా మొదలవుతుంది. ఊపిరిని 1 నుంచి 10 దాకా లెక్కపెట్టి మళ్లీ 1కి రండి. 25 నిమిషాలు చాలు. గంటల తరబడి కూర్చున్నామని చెప్పుకోవడం వట్టి డాబు.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. సరిగ్గా ఊపిరి కుదురుకున్నాక ఎప్పుడో ఎవరో అన్న మాట గుర్తొచ్చి ఒళ్లు భగ్గుమంటుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. పళ్లు బిగబట్టి కోపాన్ని లోపలికి తొక్కేసి, దానికి సమభావం అని పేరు పెడతారు. అది సమభావం కాదు, మూత పెట్టిన కుక్కర్. మనసు మొద్దుబారడం కూడా సమభావం కాదు.

ముందు బొటనవేళ్లు చూసుకోండి. కోపమొస్తే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ గుడారంలా పైకి లేస్తాయి, నిద్రొస్తే జారిపోతాయి. లేచాయా, మెల్లగా వదులు చేయండి. ఆ మనిషి ఏమన్నాడు, నేనేం అనాల్సింది అన్న కథను అక్కడే ఆపి, ఒంట్లోకి రండి. దవడలో బిగువా, ఛాతీలో మంటా? దాన్ని ఉండనివ్వండి. పొమ్మనొద్దు, పట్టుకోవద్దు. మంచి, చెడు లెక్కలు పక్కన పెట్టమని 13వ శతాబ్దంలోనే జపాన్‌లో జెన్ గురువు డోగెన్ చెప్పాడు. కోపానికీ అదే వర్తిస్తుంది. కథ మళ్లీ మొదలవుతుంది, పదిసార్లైనా సరే. పదిసార్లూ వెనక్కి రండి.

'కోపం, కోపం' అని మనసులో పేరు పెట్టుకోమనే పద్ధతి ఒకటుంది. నాకది పడదు. పేరు పెట్టగానే పక్కన నిలబడి చూసే పెద్దమనిషి ఒకడు తయారవుతాడు, వాణ్ని వదిలించుకోవడం ఇంకో పని.

ఏడుపొస్తే రానివ్వండి, తుడుచుకోవద్దు. కానీ పాత భయమేదో కమ్ముకొచ్చి ఊపిరాడకపోతే మొండిగా కూర్చోకండి. కళ్లు పూర్తిగా తెరిచి, లేచి నెమ్మదిగా నడవండి. మళ్లీ మళ్లీ అలాగే అవుతుంటే డాక్టర్‌ని కలవాలి, దిండును కాదు.

టైం అయ్యాక అటూ ఇటూ ఊగి, కాళ్లు రుద్దుకుని లేవండి. కోపం ఇంకా మిగిలే ఉండొచ్చు. ఆ ఊపులో ఫోన్ తీసి మెసేజ్ మాత్రం పెట్టకండి. నేను ఒకసారి పెట్టాను.