అప్పీలు చట్టం మార్చమని వినతి రాసేవారికి

కోస్తా, రాయలసీమ నాయకుల 1937 శ్రీబాగ్ ఒడంబడికతో మొదలుపెట్టి నాలుగు పేజీల చరిత్ర, చివర రెండు వాక్యాల కోరిక. కర్నూలు, కడప, అనంతపురం నుంచి ఎవరు రాసినా అలా రాస్తే ఫైలు కదలదు. ఏ మార్పు ఎవరి చేతిలో ఉందో ముందు తేల్చుకోండి.

హైకోర్టు జడ్జీలు కర్నూలులో కూర్చోవాలంటే కొత్త చట్టం అక్కర్లేదు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం సెక్షన్ 31(3) ప్రకారం గవర్నర్ ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి ఆ పని చేయొచ్చు. ప్రధాన పీఠం ఎక్కడన్నది మాత్రం రాష్ట్రపతి ఉత్తర్వు. కింది సివిల్ కోర్టుల్లో ఏది ఎంత విలువ దావా వరకు వినొచ్చన్న పరిమితులు 1972 ఆంధ్రప్రదేశ్ సివిల్ కోర్టుల చట్టంలో ఉంటాయి, వాటిని శాసనసభే మార్చగలదు. రెండో అప్పీలు, అంటే మొదటి అప్పీలు తీర్పు మీద హైకోర్టుకు వెళ్లేది, సివిల్ ప్రొసీజర్ కోడ్‌ది. అది కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో ఉంది. కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం సవరిస్తే, రాజ్యాంగం 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం తప్పదు. సుప్రీంకోర్టు అప్పీళ్లు పార్లమెంటువి. రాజ్యాంగం 226, 227 అధికరణల కింద రిట్లు వినడానికి, కింది కోర్టులను పర్యవేక్షించడానికి హైకోర్టుకున్న అధికారాన్ని తీసేయమని మాత్రం అడగకండి, సుప్రీంకోర్టు 1997 ఎల్. చంద్రకుమార్ తీర్పు ముందు అది నిలవదు.

తరువాత క్లాజు, అంటే చట్టంలో ఏ మాట ఎలా మారాలో చెప్పే వాక్యం. "పరిమితి పెంచాలి" అన్నది కోరికే, క్లాజు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 102 చూడండి: డబ్బు వసూలు దావా 25,000 రూపాయలు మించకపోతే రెండో అప్పీలు లేదు. 2002 జూలై 1 నుంచీ అదే అంకె. "ఇరవై అయిదు వేల రూపాయలు అనే మాటలకు బదులుగా ఫలానా మొత్తం ఉంచవలెను" అని రాయాలి. పొలం గట్టు తగాదాలకు ఈ సెక్షన్ అంటదు, చాలామంది ఇక్కడే పొరబడతారు.

అందరూ మరిచిపోయేది పాత దావాల సంగతి. గరికపాటి వీరయ్య కేసులో దావా వేసింది 1949లో, బాపట్లలో. విలువ 11,400. దేశపు అత్యున్నత కోర్టుకు అప్పీలు వెళ్లడానికి దావాకు ఉండాల్సిన కనీస విలువ అప్పట్లో 10,000, రాజ్యాంగం వచ్చాక 20,000. అప్పీలు హక్కు దావా వేసిన నాడే పుడుతుందనీ, చట్టం స్పష్టంగానో, తప్పనిసరిగా ఆ అర్థం వచ్చేలానో చెబితే తప్ప పోదనీ 1957లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే "ఈ సవరణ అమలు తేదీకి ముందు వేసిన దావాలకు వర్తించదు" అనో, వర్తిస్తుందనో ఒక వాక్యం ఉండి తీరాలి. లేకపోతే ఆ ఒక్క ముక్క మీదే ఏళ్లు వాదిస్తారు.

పెండింగు లెక్కలకు, కోర్టుల కేసుల లెక్కలు చూపే వెబ్‌సైటు నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్‌లో జిల్లా పేజీ తెరిచి, చూసిన తేదీతో సహా జతచేయండి. 2022లో జిల్లాలు విడిపోయాయి కదా, గ్రిడ్‌లోని కోర్టు జిల్లా, కలెక్టరు జిల్లా ఒకటేనా కాదా చూసుకున్నాకే అంకె వేయండి.