ఫిబ్రవరిలో మారిషస్ వెళ్తున్నారా? తుఫాను కాలం జాగ్రత్తలు

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే కొత్త దంపతులు మారిషస్ టికెట్లు వెతకడం మొదలుపెడతారు. ప్యాకేజీ ఫొటోల్లో నీలం సముద్రం, తెల్ల ఇసుక తప్ప ఇంకేమీ కనిపించవు. సరిగ్గా ఆ నెలల్లోనే అక్కడ తుఫానులు వస్తాయని టికెట్ అమ్మేవాళ్లు చెప్పరు. మాకూ చెప్పలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మనకు తుఫాను అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కాదంటే మే నెల. మారిషస్ భూమధ్యరేఖకు దిగువన ఉంది కాబట్టి అక్కడ నవంబరులో మొదలై మే సగం దాకా నడుస్తుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో జోరు ఎక్కువ. వెళ్లొద్దని చెప్పను. ఆ కాలంలో వెళ్లి హాయిగా తిరిగొచ్చినవాళ్లే ఎక్కువ. కానీ ఒక్క విషయం తెలుసుకుని వెళ్లండి: అక్కడ ఆకాశాన్ని చూసి నిర్ణయాలు తీసుకోకూడదు, తుఫాను హెచ్చరికకు ఇచ్చే క్లాస్ నంబరు వినాలి.

మేం పడమటి తీరంలో ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. మూడో రోజు పొద్దున ఎండ ఫెళ్లున కాస్తోంది, ఆకు కదలడం లేదు. పడవ షికారుకి అప్పటికే డబ్బు కట్టేశాం. కిందికి దిగేసరికి ఇంటావిడ ప్లాస్టిక్ డ్రమ్ములు కడిగి నీళ్లు పడుతోంది. పూలకుండీలు ఒక్కొక్కటే లోపలికి మోస్తోంది. "క్లాస్ వన్ ఇచ్చారు, మీరు ఇవాళ నీళ్ల మీదికి వెళ్లకండి" అంది. పడవవాళ్లకి ఫోన్ చేస్తే "ఇంకా వన్నే కదా, రాకపోతే డబ్బు తిరిగి రాదు" అన్నారు. మేం ఆవిడ మాటే విన్నాం. సాయంత్రానికి క్లాస్ టూ అయింది. ఆ రాత్రి గాలికి మా గది కిటికీ చెక్కలు తెల్లవార్లూ కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ డబ్బు పోయినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు.

ఈ క్లాసుల లెక్క కాస్త ఓపిగ్గా అర్థం చేసుకోండి. దీవి మీద గంటకు 120 కిలోమీటర్ల గాలి విసురు తగిలే అవకాశం ఉంటే, 36 నుంచి 48 గంటల ముందు క్లాస్ వన్ ఇస్తారు. ఆ గాలికి ముందు వీలైనంతవరకు 12 గంటల పగటి వెలుతురు మిగిలేలా క్లాస్ టూ, 6 గంటల పగటి వెలుతురు మిగిలేలా క్లాస్ త్రీ ఇస్తారు. అంత గాలి నిజంగా నమోదై, ఇంకా కొనసాగుతుందంటే క్లాస్ ఫోర్. ఇందులో పగటి వెలుతురు అన్న మాట ముఖ్యం. చీకట్లో జనం సర్దుకోలేరు కాబట్టి రాత్రి గంటలు లెక్కలోకి రావు. అందుకే తుఫాను ఇంకా దూరంగా ఉండగానే, మన కళ్లకు అంతా ప్రశాంతంగా కనిపిస్తుండగానే నంబరు పెరిగిపోతుంది. "ఎండ కాస్తుంటే హెచ్చరికేంటి" అనుకునేది మనలాంటి కొత్తవాళ్లే.

క్లాస్ వన్ రాగానే ఏటీఎంకి వెళ్లి కాస్త నగదు తీసుకోండి, కరెంటు పోతే కార్డులు పనిచెయ్యవు. తాగునీళ్లు, బిస్కెట్లు, బ్రెడ్డు, వాడే మందులు, టార్చి, పవర్‌బ్యాంకు దగ్గర పెట్టుకోండి. శాకాహారులు ఇంకాస్త ముందుచూపుతో ఉండాలి, ఆఖరి నిమిషంలో దుకాణంలో మిగిలేవి ఎక్కువగా చేపల డబ్బాలే. అద్దె కారు ఉంటే ట్యాంకు నింపి, చెట్ల కింద కాకుండా ఎత్తు మీద నిలపండి. క్లాస్ త్రీ వచ్చాక బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూసేస్తారు, విమానాలు ఉండవు. ఇక గది దాటకూడదు. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను అయిపోయిందనుకుని వీడియో తియ్యడానికి బయటికి పరుగెత్తకండి. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా వస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ నంబర్లు గాలివి, వానవి కావు. 2013 మార్చి 30న రాజధాని పోర్ట్ లూయిస్‌లో తుఫాను లేకుండానే కుండపోత కురిసి 11 మంది చనిపోయారు. కొందరు నేలకింది దారిలో, సెల్లార్ పార్కింగులో చిక్కుకుపోయారు. 2024 జనవరి 15న బెలాల్ తుఫానప్పుడు అదే ఊళ్లో వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. ఊరి వెనక కొండలు, ముందు సముద్రం, నీళ్లకు తావెక్కడ? కుండపోత హెచ్చరిక విడిగా ఇస్తారు. అది వచ్చిన రోజు పోర్ట్ లూయిస్ ప్రయాణం మానుకోండి, జలపాతాల జోలికీ పోకండి. కొండ మీద వాన పడితే కింద వాగు ఎప్పుడు పొంగుతుందో తెలియదు.

ఆ దీవివాళ్లకు ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1960 ఫిబ్రవరి ఆఖర్లో కరోల్ తుఫాను వచ్చినప్పుడు గాలి గంటకు 256 కిలోమీటర్లు తాకింది. రేకుల ఇళ్లు, గడ్డి ఇళ్లు వేల సంఖ్యలో నేలమట్టమయ్యాయి. అక్కడ ఏ ఊళ్లో చూసినా కనిపించే చదును కప్పు కాంక్రీటు ఇళ్లు ఎక్కువగా ఆ తర్వాత వచ్చినవే.

మన వాళ్లకూ ఈ కథలో భాగం ఉంది. చెరకును అక్కడికి తెచ్చింది డచ్చివాళ్లు, తోటలు పెంచింది ఫ్రెంచివాళ్లు, 1810లో దీవిని పట్టుకుని దాన్నంతా చెరకుతో నింపింది ఇంగ్లీషువాళ్లు. 1835లో బానిసత్వం రద్దయ్యే రోజుల్లోనే తోటల్లో పనికి మన దేశం నుంచి ఒప్పందం మీద కూలీలను తెచ్చారు. అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయలు, ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. వాళ్లలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అన్నారు, కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద. ఆ కోరంగి 1839 నవంబరులో ఉప్పెనకు తుడిచిపెట్టుకుపోయింది. ఇక్కడ ఉప్పెన చూసిన తీరం నుంచి వెళ్లిన జనం, అక్కడా తుఫానుల మధ్యే బతికారు. ఇప్పటికీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు, సింహాద్రి అప్పన్న పూజలు చేసే ఊళ్లున్నాయి. ఉగాది కోసం వెళ్లేవాళ్లు మార్చి, ఏప్రిల్ నెలలు కూడా తుఫాను కాలమేనని మరచిపోవద్దు.

అందుకే చూడవలసినవాటిలో పోర్ట్ లూయిస్ ఆప్రవాసీ ఘాట్‌ను మొదటి రోజే, వాతావరణం బాగున్నప్పుడే పెట్టుకోండి. 1834 నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది ఒప్పందం కూలీలు దిగిన ఓడరేవు శిబిరం అది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నల్లరాతి మెట్లు పదహారు. నేను నిలబడ్డప్పుడు ఒక పెద్దాయన చెప్పులు విప్పి, వంగి రాతిని తాకి కళ్లకద్దుకున్నాడు. అక్కడ రీల్స్ కోసం గంతులు వెయ్యకండి, దయచేసి. నైరుతి మూలన ఉన్న లె మార్న్ కొండ కూడా అలాంటిదే. తోటల నుంచి పారిపోయిన బానిసలు తలదాచుకున్న చోటు. 2008లో వారసత్వ జాబితాలోకి వచ్చింది. 556 మీటర్ల కొండ, పైభాగం నిట్టనిలువు రాయి. ముందు రోజు వాన పడి ఉంటే ఎక్కకండి, తడిసిన ఆ రాయి మీద కాలు నిలవదు. ఎక్కేవాళ్లు గైడుతో, తెల్లవారుజామున బయలుదేరండి. వాన రోజులకి చక్కెర మ్యూజియం దాచుకోండి. పాంప్లెమూస్ దగ్గర 1999లో మూసేసిన బో ప్లాన్ మిల్లులోనే అది ఉంది, ఒక పూట హాయిగా గడిచిపోతుంది.

కారు నడిపేవాళ్లకు ఎడమవైపే, మనలాగే. అయితే చెరకు నరికేది జూన్ నుంచి కాబట్టి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో తోట మనిషిని మించి ఎదిగి రోడ్డు అంచు దాకా వచ్చేస్తుంది. మలుపులో ఎదుటి బండి కనపడదు, నెమ్మదిగా వెళ్లండి. మహాశివరాత్రి కూడా ఈ రోజుల్లోనే. వేలాదిమంది కావళ్లు భుజాన వేసుకుని రాత్రీ పగలూ గ్రాండ్ బసిన్ చెరువుకి నడుస్తారు. ఆ రోజుల్లో ఆ దారిన కారు పెట్టుకోకపోవడమే మంచిది.

సముద్రం గురించి రెండు ముక్కలు. దీవి చుట్టూ పగడాల గట్టు ఉంది, దాని లోపల నీళ్లు శాంతంగా ఉంటాయి. గట్టు తెగిన చోట్ల లాగుడు ఎక్కువ. దక్షిణాన గ్రి గ్రి దగ్గర గట్టే లేదు, అక్కడ చూడాలే తప్ప దిగకూడదు. లోపలి నీళ్లలో కూడా రబ్బరు చెప్పులు వేసుకునే నడవండి. రాయిలాగే కనిపించే ముళ్ల చేప అడుగున కదలకుండా పడుంటుంది. తొక్కితే ప్రాణం పోయేంత నొప్పి. అలా జరిగితే కాలు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెట్టి ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అంబులెన్సుకి 114, పోలీసులకి 999. ఇప్పుడే ఫోన్లో వేసుకోండి.

సంచిలో కరివేపాకు, మామిడాకులు, పళ్లు, చెరకు ముక్కలు పెట్టుకోకండి. విమానాశ్రయంలో ఆపేస్తారు. చెరకు మీద బతికిన దీవి, మొక్కల తెగుళ్లంటే వాళ్లకు భయం. దోమల మందు మాత్రం తప్పక పెట్టుకోండి, వానల్లో డెంగీ, చికున్‌గున్యా వస్తుంటాయి. తిరుగు టికెట్‌కీ మీ ఆఫీసు సెలవు ముగింపుకీ మధ్య రెండు రోజుల ఖాళీ ఉంచుకోండి. విమానం రద్దయితే ఆ టెన్షన్ ఉండదు. ఇన్సూరెన్సులో తుఫాను వల్ల రద్దయిన ప్రయాణానికి డబ్బు వస్తుందో లేదో కొనకముందే చదవండి.

హెచ్చరిక ఎత్తేశారని విన్నాక కూడా వెంటనే బయటపడకండి. తెగిన కరెంటు తీగలు నీళ్లలో ఉండొచ్చు. కొండ దారులు, తోటలు రెండు మూడు రోజులు మూసి ఉండొచ్చు, వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. సముద్రం ఇంకో రోజు మట్టి రంగులో పొంగుతూనే ఉంటుంది. మాకు ఆ తుఫాను దగ్గరగా వచ్చి పక్క నుంచి పోయింది. హెచ్చరిక వచ్చిన మూడో పొద్దున ఇంటావిడ డ్రమ్ముల్లో నీళ్లను వాకిలి కడగడానికి వాడేసి, కుండీలు ఒక్కొక్కటే మళ్లీ బయట పెట్టింది. మేం అప్పుడు బీచ్‌కి వెళ్లాం.