మూడు సెల్లుల లైటు మసకబారుతోందా? ట్రాన్సిస్టర్ స్విచ్ ఎంపికలో సమస్యలు - పరిష్కారాలు

మెట్ల దగ్గరో అల్మారాలోనో తానే వెలిగి తానే ఆరిపోయే చిన్న లైటును ఉదాహరణగా తీసుకుందాం. అందులో 3 ఏఏ ఆల్కలైన్ సెల్లులు, 1 వాట్ తెల్ల ఎల్‌ఈడీ, దానికి వరుసలో 4.7 ఓమ్‌ల రెసిస్టర్, స్విచ్‌గా ఒక ట్రాన్సిస్టర్, ఆ ట్రాన్సిస్టర్‌ను నడిపే చిన్న మైక్రోకంట్రోలర్ ఉంటాయి. కొత్త సెల్లులు కలిసి 4.5 వోల్టులు ఇస్తాయి. ఎల్‌ఈడీకి సుమారు 3.2 వోల్టులు పోగా మన చేతిలో మిగిలేది 1.3 వోల్టులే కాబట్టి, ట్రాన్సిస్టర్ మింగే ప్రతి పదో వంతు వోల్టూ వెలుతురులోంచి తగ్గుతుంది. 12 వోల్టుల లైటులో కనిపించని లోపాలు ఇక్కడ బయటపడటానికి కారణం ఇదే.

సమస్య 1: కొత్త సెల్లులు వేసినా వెలుతురు చాలడం లేదు

లైటు వెలుగుతుండగానే మల్టీమీటర్‌తో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కూ (కరెంటు లోపలికి వెళ్లే కాలు) ఎమిటర్‌కూ (బయటికి వచ్చే కాలు) మధ్య వోల్టేజీ చూడండి. 0.2 వోల్టు లేదా అంతకన్నా తక్కువ ఉంటే ట్రాన్సిస్టర్ నిర్దోషి. 0.8 వోల్టు దాకా కనిపిస్తే, 280 మిల్లీఆంపియర్ల దగ్గర ఉండవలసిన కరెంటు సుమారు సగానికి పడిపోయిందని అర్థం.

కారణాలు మూడు రకాలు. బీసీ547 అనే చిన్న ట్రాన్సిస్టర్ అయితే దాని పరిమితే 100 మిల్లీఆంపియర్లు, ఈ పనికి అది సరిపోదు. టీఐపీ122 వంటి డార్లింగ్టన్ అయితే లోపల రెండు ట్రాన్సిస్టర్లు జతగా ఉంటాయి కనుక, బేస్‌కు (ట్రాన్సిస్టర్‌ను తెరిచే కాలు) ఎంత కరెంటు ఇచ్చినా అది 0.7 వోల్టుకు పైగా తీసుకుంటూనే ఉంటుంది. సరైన ట్రాన్సిస్టరే అయినా బేస్ కరెంటు తక్కువైతే పూర్తిగా తెరుచుకోదు. స్విచ్‌గా వాడేటప్పుడు డేటాషీట్‌లోని (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) గెయిన్‌ను, అంటే బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే అంకెను, నమ్ముకోకుండా, కలెక్టర్ కరెంటులో 15వ వంతైనా బేస్‌కు ఇవ్వాలి.

1.5 ఆంపియర్ల వరకు మోసే ఎస్‌ఎస్8050 ఇక్కడ బాగా పనిచేస్తుంది. 280 మిల్లీఆంపియర్లకు బేస్‌కు సుమారు 19 మిల్లీఆంపియర్లు కావాలి కనుక బేస్ రెసిస్టర్ 180 లేదా 200 ఓమ్‌లు ఉండాలి. అయితే మైక్రోకంట్రోలర్ పిన్ అంత కరెంటు ఇవ్వగలదో లేదో ముందు చూసుకోండి. పైగా ఆ కరెంటు కూడా ఈ సెల్లుల నుంచే పోతుంది. అందుకే బ్యాటరీ లైటుకు నేను, గేట్ అనే కాలి మీది వోల్టేజీతోనే తెరుచుకునే ట్రాన్సిస్టర్ అయిన మాస్‌ఫెట్‌నే ఎంచుకుంటాను, కానీ ఏ మాస్‌ఫెట్ అన్నదే అసలు ప్రశ్న.

సమస్య 2: మొదట్లో బాగా వెలిగి, కొద్ది రోజులకే మసకబారుతోంది

ఇది నాకు స్వయంగా ఎదురైంది. 49 ఆంపియర్లు మోస్తుంది కదా అని ఐఆర్‌ఎఫ్‌జడ్44ఎన్ అనే మాస్‌ఫెట్ వేశాను. వారం తిరిగేసరికి లైటు మిణుగురులా మిగిలింది. సెల్లులు అయిపోయాయనుకుని తీసి గోడ గడియారంలో వేస్తే అది చక్కగా నడిచింది. కొలిస్తే ఒక్కో సెల్లులో ఇంకా 1.2 వోల్టు ఉంది, అంటే గేట్‌కు అందుతున్నది మొత్తం 3.6 వోల్టులు. ఆ మాస్‌ఫెట్ త్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

త్రెషోల్డ్ అంటే మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకునే వోల్టేజీ అనుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు. అది 250 మైక్రోఆంపియర్ల వంటి అత్యల్ప కరెంటు పారడం మొదలయ్యే చోటు మాత్రమే. డేటాషీట్‌లో చూడవలసింది ఆన్ నిరోధం (తెరుచుకున్నప్పుడు మాస్‌ఫెట్‌లో మిగిలే నిరోధం) వరుస, ఆ వరుసలో ఏ గేట్ వోల్టేజీ దగ్గర కొలిచారో చూడాలి. ఐఆర్‌ఎఫ్‌జడ్44ఎన్‌కు అది 10 వోల్టుల దగ్గర ఇస్తారు. లాజిక్ లెవెల్‌గా (తక్కువ గేట్ వోల్టేజీతోనే తెరుచుకునే రకంగా) పేరున్న ఐఆర్‌ఎల్‌జడ్44ఎన్‌కు కూడా 4 వోల్టుల కిందకు హామీ లేదు, మన సెల్లులు చివరికి 3 వోల్టులకు దిగుతాయి. ఏఓ3400 అనే చిన్న మాస్‌ఫెట్‌కు 2.5 వోల్టుల దగ్గరే సుమారు 0.05 ఓమ్ అని రాసి ఉంటుంది, అంటే 280 మిల్లీఆంపియర్లకు పోయేది 14 మిల్లీవోల్టులే. అది బియ్యపుగింజంత ఉంటుంది కాబట్టి, టంకం పెట్టడం కష్టమైతే చిన్న అడాప్టర్ బోర్డు మీద అమర్చుకోండి. సెల్లులు నీరసించేకొద్దీ వెలుతురు కొంత తగ్గడం సహజమే, దానిని మాస్‌ఫెట్ ఆపలేదు.

సమస్య 3: ఆపినా సన్నగా వెలుగుతోంది

మైక్రోకంట్రోలర్ నిద్రలోకి వెళ్లినప్పుడు పిన్‌ను వదిలేస్తే గేట్ గాలిలో వేలాడుతుంది. గేట్‌ను వేలితో తాకితే వెలుతురు మారుతుందా చూడండి. మారితే గేట్‌కూ సోర్స్‌కూ (మైనస్‌కు కలిపే కాలు) మధ్య 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే చాలు. ప్లస్ వైపు పీ-ఛానెల్ మాస్‌ఫెట్ (గేట్ వోల్టేజీ ప్లస్ కన్నా తగ్గితే తెరుచుకునే రకం) పెట్టి, మైక్రోకంట్రోలర్‌ను మాత్రం 3.3 వోల్టుల రెగ్యులేటర్‌తో నడిపినా ఇలాగే అవుతుంది, ఎందుకంటే గేట్ 4.5 వోల్టుల దాకా ఎక్కలేదు. అప్పుడు దాన్ని తీసి, ఏఓ3400 లాంటి ఎన్-ఛానెల్‌ను మైనస్ వైపు పెట్టండి.

సమస్య 4: అసలు ఆరడమే లేదు

డ్రెయిన్ (ఎల్‌ఈడీ వైపు కలిపే కాలు), సోర్స్ తారుమారయ్యాయి. మాస్‌ఫెట్ లోపలి డయోడ్ గుండా కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. ఎన్-ఛానెల్‌ను సర్క్యూట్ నుంచి తీసి, గేట్‌ను సోర్స్‌కు తాకించి, మల్టీమీటర్‌ను డయోడ్ పరీక్షలో పెట్టండి. ఎర్ర తీగ సోర్స్ మీద, నల్ల తీగ డ్రెయిన్ మీద ఉన్నప్పుడు సుమారు అర వోల్టు చూపి, తీగలు మార్చినప్పుడు ఏమీ చూపకపోతే మాస్‌ఫెట్ బాగుంది, కాళ్లు సరిగ్గా కలపడమే మిగిలింది.