శ్రీశైలం ఘాట్‌కు ముందు క్యారవాన్ క్రౌన్-పినియన్ మార్పిస్తున్నారా? ఈ జాగ్రత్తలు తప్పనిసరి

పాలమూరు నుంచి శివరాత్రికి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు దగ్గర ఒక ఎక్కుడు, ఈగలపెంట దాటాక కృష్ణ దాకా దిగుడు, డ్యామ్ దాటగానే సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కుడు. మంచాలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు ఎక్కించిన క్యారవాన్ ఇక్కడే ఆయాసపడుతుంది. లాగుడు పెంచడానికి క్రౌన్-పినియన్ (వెనక ఇరుసులో చక్రాలను తిప్పే పెద్ద, చిన్న పళ్ల చక్రాల జత) మార్పించాలనుకుంటే పండగకు నెల ముందే మార్పించండి. షెడ్డులోంచి తీసి నేరుగా ఘాట్ ఎక్కించడం మాత్రం వద్దు.

అసలు అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. ట్యాంకు నింపి, సామాను సర్ది, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ధర్మకాంటా మీద తూకం వేయించండి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, టర్బో గొట్టం, క్లచ్ చూపించండి. వీటిలో లోపముంటే క్రౌన్ మార్చినా డబ్బు దండగే. టైర్లు కంపెనీ సైజు కన్నా పెద్దవి వేసి ఉంటే లాగుడు తగ్గింది అందుకే కావచ్చు. ఎక్కుడులో మూడో గేరుకు ఇంజన్ కుంగిపోతూ, రెండో గేరుకు గోల పెడుతుంటే అప్పుడు రేషియో (క్రౌన్ ఒక చుట్టు తిరగడానికి పినియన్ తిరిగే చుట్ల లెక్క) మార్పు పనికొస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 ఉంటే రేషియో 4.10. పినియన్ 9 పళ్లదైతే 4.56. చక్రాల దగ్గర లాగుడు దాదాపు 11 శాతం పెరుగుతుంది. అదే వేగానికి ఇంజన్ కూడా అంతే ఎక్కువ తిరుగుతుంది. 44వ నంబరు హైవే మీద 2200 ఆర్‌పీఎంతో పోయే బండి దాదాపు 2450తో పోతుంది. చప్పుడు, డీజిల్ ఖర్చు పెరుగుతాయి. ఏడాదికోసారి ఘాట్ ఎక్కి మిగతా రోజులు హైవే మీదే తిరిగేవాళ్లకు నేనైతే వద్దనే చెప్తాను. స్పీడ్ సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గరుండే బండ్లలో మీటరు అసలు వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది, దాన్నీ సరిచేయించాలి. ఇన్సూరెన్సు వాళ్లనూ, ఆర్టీఓనూ ముందే అడగండి.

బిగించే రోజు షెడ్డు దగ్గరే కూర్చోండి. క్రౌన్, పినియన్ రెండూ ఒకే నంబరున్న జత అయి ఉండాలి. పాత క్రౌన్‌కు కొత్త పినియన్ అతకదు. బేరింగులు, సీలు, క్రష్ స్లీవ్ (పినియన్ నట్టు బిగించేటప్పుడు నలిగి బేరింగుల బిగువు నిలిపే చిన్న గొట్టం) కొత్తవే వేయించండి. నట్టు ఎక్కువ బిగిసిందని వెనక్కి వదిలితే ఆ స్లీవ్ మళ్లీ పనికిరాదు, ఇంకోటి వేయాల్సిందే. పళ్లకు మార్కింగ్ బ్లూ పూసి తిప్పితే రాపిడి గుర్తు పన్ను నడిమధ్య పడాలి, అంచుకు జారితే షిమ్ములు (లోపల వేసే పలుచని రేకులు) మార్చాలి. పళ్ల మధ్య సందు డయల్ గేజితో కొలవాలి, కంపెనీ చెప్పిన లెక్కకే సరిపోవాలి. చేత్తో ఊపి చూసి "సరిపోయింది అన్నా" అంటే ఒప్పుకోకండి.

తర్వాత తొలి 25-30 కిలోమీటర్లు నింపాదిగా నడిపి, ఆపి హౌసింగ్ (క్రౌన్-పినియన్ ఉండే డొల్ల) చల్లారనివ్వండి. ఇలా రెండు మూడుసార్లు చేయండి. జడ్చర్ల నుంచి పెబ్బేరు దాకా చదును రోడ్డు దీనికి బాగుంటుంది. 800 కిలోమీటర్ల దాకా నిండు బరువు వేయకండి, ఆ తర్వాత హౌసింగ్‌లోని ఆయిల్ మార్చండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడో వదిలినప్పుడో సన్నగా ఊళ పెడితే అలాగే నడపకుండా షెడ్డుకే తీసుకెళ్లండి.

దిగుడులో ఇంజన్ ఇదివరకటి కన్నా గట్టిగా పట్టి ఆపుతుంది, అయినా బ్రేకులు కొత్తవేం కావు. లైనింగులు ముందే చూపించి, ఎక్కిన గేరులోనే దిగండి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర మామూలు రోజుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. ఆ గేటు అందుకోవాలని ఎక్కుడులో తొక్కకండి, పొద్దున్నే బయల్దేరండి.