ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్‌తో ఏం మాట్లాడాలి

హన్మకొండలో మా చిన్నాయనకు గాల్ బ్లాడర్ ఆపరేషన్. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టర్ వచ్చి, నోరు తెరిపించి చూసి, తాగే అలవాటుందా అని అడిగితే, పక్కన కోడలు ఉందని "లేదు సార్" అనేశాడు. పొద్దూమాపూ కల్లు పడనిదే ముద్ద దిగని మనిషి! నేను వరండాలో డాక్టర్‌ను పట్టుకుని అసలు సంగతి చెప్పాను. ఇది దాచకండి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు ఉంటాయి, అలవాటుపడిన ఒంటికి మామూలు మోతాదు చాలకపోవచ్చు, ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. నిద్రమాత్రలైనా అంతే. ఇదివరకు ఆపరేషన్ మధ్యలో మెలకువ వచ్చి ఉంటే అదే మొదట చెప్పండి.

కోస్తుంటే మెలకువ వస్తుందేమోనన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. కండరాలు సడలించే మందు కూడా ఇస్తారు కాబట్టి మెలకువ వచ్చినా చెయ్యి కదపలేం. అరుదే: బ్రిటన్, ఐర్లాండ్‌లలో 2014లో వచ్చిన పెద్ద పరిశీలనలో సుమారు 19,000 మత్తులకు ఒక ఫిర్యాదు, పూర్తి మత్తుతో చేసే సిజేరియన్లలో మాత్రం సుమారు 670కి ఒకటి. ఎక్కువ శాతం మత్తు ఎక్కేటప్పుడో దిగేటప్పుడో జరిగినవే. నడుముకు సూది ఇస్తే మాటలు వినపడటం మామూలే, దానికి భయపడొద్దు.

ఇక నుదుటికి స్టిక్కర్ అంటించి మత్తు ఎంత లోతుగా ఉందో చూసే బిస్ మానిటర్. 0 నుంచి 100 (పూర్తి మెలకువ) దాకా ఒక అంకె, ఆపరేషన్‌లో 40–60 మధ్య ఉండాలంటారు. అది మెదడు కరెంటును బట్టి వేసే లెక్కే తప్ప మెలకువను నేరుగా చూడదు, పైగా కొన్ని సెకన్లు ఆలస్యం. కెటమిన్ అనే మత్తుమందు ఇస్తే, మత్తులో ఉన్నా అంకె పెరుగుతుంది. పూర్తి మెలకువతో ఉన్నవాళ్లకు సడలించే మందు ఒక్కటే ఇచ్చి చూస్తే అంకె పడిపోయింది కూడా! గ్యాస్‌తో మత్తు ఇచ్చేటప్పుడు, బయటికి వదిలే ఊపిరిలో మందు ఎంతుందో చూసుకోవడం కంటే బిస్ మెరుగని తేలలేదు, అందుకని అది లేదని ఆసుపత్రి మార్చక్కర్లేదు. కానీ మత్తు మొత్తం నరంలోంచే ఇస్తూ సడలించే మందూ వాడతామంటే, "స్టిక్కర్ పెడతారా సార్?" అని అడగండి, తప్పేం లేదు.

లేచాక మనిషిని మూడే అడగాలి: నిద్రపోయేముందు చివరగా ఏం గుర్తుంది, లేచాక మొదట ఏం గుర్తుంది, మధ్యలో ఏమైనా ఉందా. కొందరికి రోజుల తర్వాత గుర్తొస్తుంది, కాబట్టి వారానికి మళ్లీ అడగండి, ఉందంటే కల అని కొట్టిపారేయకుండా మత్తు డాక్టర్‌కు చెప్పండి. మా చిన్నాయనకు చివరగా గుర్తున్నది మూతిమీద మాస్క్, మొదట గుర్తున్నది దూప. మధ్యలో ఏం లేదన్నాడు. వారానికి అడిగినా అదే మాట.