శిబిరాల్లో చర్మవైద్యానికి సిద్ధమయ్యే వైద్యురాలికి

శరణార్థి శిబిరాల్లో పనిచేయదలచిన చర్మవైద్యురాలు ముందుగా పరికరాలేవీ లేకుండా, పగటి వెలుతురులో, ఏ రంగు చర్మం మీదనైనా వ్యాధిని గుర్తించే నేర్పు సంపాదించాలి. పాలిపోయిన మచ్చ కనిపిస్తే రోగిని కళ్లు మూసుకోమని, దూదిపోగుతో మెల్లగా తాకాలి. తాకినచోటును వేలితో చూపలేకపోతే కుష్ఠును అనుమానించి, మోచేతి దగ్గరి నరం లావెక్కిందేమో తడిమి చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చిన గజ్జి విషయంలో ఒక్క రోగికే మందిచ్చి పంపడం దాదాపు వృథా శ్రమ. దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదికీ ఒకే రోజున 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుండి అరికాళ్ల వరకు, పసిపిల్లలకైతే తలకు కూడా రాయించి, రాత్రంతా ఉంచి, వారం తరువాత మళ్లీ రాయించాలి. దురద మరికొన్ని వారాలు ఉండవచ్చునని ముందే చెప్పకపోతే, మందు పనిచేయలేదనుకుని వారు పదేపదే రాసుకుంటారు.

స్త్రీలను పరీక్షించడానికి తెర తప్పనిసరి. 1960లో కరాచీ చేరి కుష్ఠు నివారణకు జీవితాన్ని అంకితం చేసిన డాక్టర్ రూత్ ఫావ్ చేసినట్లు, స్థానికులకే శిక్షణ ఇవ్వడం మొదటి వారం నుండే ఆరంభించాలి.