రాక్ ఆల్బమ్‌కి మార్నింగ్ షో టాక్ పనికిరాదు: సరిగ్గా తేల్చుకునే పద్ధతి

బెంగళూరులో రాక్ వినే తెలుగువాళ్లకి ఊరి నుంచి వెంట వచ్చిన అలవాటు ఒకటుంది. అభిమాన బ్యాండ్ కొత్త ఆల్బమ్ శుక్రవారం వస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: 'టాక్ ఏంటి?' హిట్టా, ఫట్టా, డివైడ్ టాకా? సినిమాకి ఈ ప్రశ్న సరిపోతుంది, సోమవారం మార్నింగ్ షోకి దాని జాతకం తేలిపోతుంది కాబట్టి. రాక్ ఆల్బమ్ జాతకం తేలాలంటే కనీసం ఒక టూర్ గడవాలి. వీజర్ బ్యాండ్ 'పింకర్టన్'కి 1996లో రోలింగ్ స్టోన్ పత్రిక 5కి 3 నక్షత్రాలిచ్చింది. అదే పత్రిక 2004లో దానికే 5 ఇచ్చింది. మధ్యలో ఆ రికార్డులో ఒక్క స్వరం కూడా మారలేదు.

కాబట్టి ఆల్బమ్ రాకముందే ఒక షీట్ తెరిచి నాలుగు గడులు గీయండి: విమర్శకులు, మొదటి రాత్రి ఫ్యాన్స్, నెల తర్వాత ఫ్యాన్స్, స్టేజి. ఏ గడిలో ఏం రాసినా పక్కన తేదీ వేయాలి. ఈ నాలుగింటినీ కలిపి సగటు మాత్రం తీయొద్దు. తీస్తే మిగిలేది 3.25 రేటింగే, అది మనకి సినిమాల్లోనే కావలసినంత ఉంది.

ముందు మీ చెవులు

రివ్యూ చదవకముందే వినాలి. 2015 జులై 10 నుంచి దాదాపు అన్ని దేశాల్లోనూ ఆల్బమ్‌లు శుక్రవారమే విడుదలవుతున్నాయి. స్ట్రీమింగ్‌లో మామూలుగా ఏ దేశం అర్ధరాత్రి ఆ దేశానిది. మనకి గురువారం రాత్రి 12 దాటగానే వస్తుంది. పత్రికలకి కాపీ ముందే అందుతుంది కనుక కొన్ని రివ్యూలు అంతకంటే ముందే బయటపడతాయి. వాటి జోలికి పోవద్దు.

నలుగురు కలిసి వినేట్టయితే శనివారం పగలు పెట్టుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో చప్పుడు పరిమితి 45 డెసిబెల్స్, పగలైతే 55. నిబంధన సంగతి అటుంచినా, కింద పోర్షన్ ఓనర్ ఆంటీకి డబుల్ బాస్ డ్రమ్స్ అంటే గ్రైండర్‌లో రాయి పడిన చప్పుడే.

మొదటిసారి మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఆపకుండా వినండి. ఫోన్లు బోర్లా పెట్టేయాలి, మధ్యలో మాటలుండకూడదు. ఒక్కొక్కరి చేతిలో చిన్న కాగితం, దాని మీద పాటల నంబర్లు. మళ్లీ వినాలనిపిస్తే టిక్కు, లేకపోతే ఖాళీ. అంతకుమించి ఏమీ రాయొద్దు. ఎందుకంటే మూడో పాట దగ్గర ఒకడు 'ఏందిరా ఇది, పాత ఊపు లేదు' అన్నాడంటే మిగతా ముగ్గురి చెవులు అక్కడితో మూసుకుపోతాయి. కాగితాలు పోగుచేశాకే చర్చ. రెండోసారి మర్నాడు, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని. మూడోసారి ఒంటరిగా, హెడ్‌ఫోన్స్‌లో.

సిల్క్ బోర్డ్ నుంచి మారతహళ్లి చేరేలోపు ఆల్బమ్ ఒకసారి పూర్తవుతుంది, వాన పడితే రెండుసార్లు. కానీ బస్సులో విన్నదాన్ని బట్టి ధ్వని మీద తీర్పివ్వకండి. ఇంజను రొదలో బాస్ గిటార్ మునిగిపోతుంది, మీరు వాల్యూమ్ పెంచుతారు, సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లేలు) చెవుల్లో గుచ్చుకుంటాయి. 'మిక్స్ దారుణం', అంటే వాయిద్యాల్ని కలిపిన తీరు బాలేదని పోస్టు పెడతారు. తప్పు బస్సుది.

కొత్తదాన్ని పాత ఆల్బమ్‌తో పోల్చేటప్పుడు యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటలన్నిటినీ ఒకే శబ్ద స్థాయికి తెచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంచండి. స్పాటిఫైలో దాని మామూలు స్థాయి మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత). అది ఆఫ్‌లో ఉంటే, ఏది గట్టిగా మాస్టర్ చేశారో (విడుదలకి ముందు చివరి మెరుగులు దిద్దారో) అదే మొదటి నిమిషంలో చెవికి బాగుంటుంది. పది నిమిషాల తర్వాత తలనొప్పి తెచ్చేదీ అదే.

పాట, ధ్వని విడివిడిగా రాయండి. ఈ ఒక్క గీత గీయకపోవడం వల్లే సగం వాదనలు తెగవు. 2008 సెప్టెంబరులో వచ్చిన మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' సంగతి చూడండి. సీడీలో శబ్దాన్ని పైకప్పుకి ఎంతగా అదిమేశారంటే, డ్రమ్ దెబ్బ పడేచోట చిటపట వినిపిస్తుంది. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో తక్కువ కంప్రెషన్‌తో, అంటే అంతగా అదమకుండా వచ్చాయి. ఫ్యాన్స్ రెండూ పక్కపక్కన పెట్టి విని, మళ్లీ మిక్స్ చేయమంటూ సంతకాలు సేకరించారు. పాటలు నచ్చబట్టే ధ్వని మీద గొడవపడ్డారు. 'ఫ్యాన్స్‌కి నచ్చలేదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ తేడా కొట్టుకుపోతుంది.

దానికి ముందుదైన 2003 నాటి 'సెయింట్ యాంగర్' ఇంకా మంచి పాఠం. స్నేర్ డ్రమ్ అడుగున తీగలుంటాయి. దెబ్బకి 'చర్' మని పొడిగా తెగే శబ్దం వాటివల్లే వస్తుంది. మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ వాటిని వదులు చేసి వాయించాడు. దాంతో ఆల్బమ్ పొడుగునా స్టీలు బిందె మీద గరిటెతో కొట్టినట్టు 'టంగ్' మని మోగుతూనే ఉంటుంది. పైగా గిటార్ సోలోలు లేవు. అది అమెరికా చార్టులో మొదటి స్థానంలో దిగింది, టైటిల్ పాటకి 2004లో గ్రామీ వచ్చింది, సంగీత రివ్యూల సైట్ పిచ్‌ఫోర్క్ మాత్రం 10కి 0.8 ఇచ్చింది. ఇన్నేళ్లకీ ఫ్యాన్స్ ఆ బిందె గురించే మాట్లాడుకుంటారు. మీ షీట్‌లో ఏ ఒక్క గడి చూసినా ఈ కథ సగమే తెలుస్తుంది.

విమర్శకుల గడి

రివ్యూల మార్కుల్ని పోగుచేసే సైట్ మెటాక్రిటిక్ 100కి ఇచ్చే అంకె మామూలు సగటు కాదు. కొన్ని పత్రికలకి ఎక్కువ బరువిస్తుంది, ఎంతన్నది బయటపెట్టదు. నక్షత్రాలనూ, అసలు మార్కులే లేని వ్యాసాలనూ కూడా 100 కొలతలోకి మార్చుకుంటుంది. అందుకని అంకె పక్కన ఇంకో రెండు రాయండి: ఎన్ని రివ్యూలు, అన్నిటికంటే ఎక్కువ తక్కువల మధ్య తేడా ఎంత. ఉదాహరణకి ఆరు రివ్యూలు 75, 70, 70, 70, 70, 65 అయితే సగటు 70, తేడా 10. ఇంకో ఆల్బమ్‌కి 90, 85, 80, 60, 55, 50 వచ్చాయనుకోండి. సగటు అదే 70, తేడా 40. మొదటిది 'ఓకే' సరుకు. రెండోది అసలైన డివైడ్ టాక్, వినితీరాల్సింది అదే.

చదవడం కూడా ఆ వరసలోనే. అన్నిటికంటే తక్కువ ఇచ్చినది, అన్నిటికంటే ఎక్కువ ఇచ్చినది, తర్వాత మధ్యలోది ఒకటి. చాలాసార్లు తక్కువ ఇచ్చినవాడే పాటల్ని ఎక్కువ వివరంగా విని ఉంటాడు. అయినా కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు. 1970లో బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌ని రోలింగ్ స్టోన్‌లో విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ ఉతికి ఆరేశాడు, హెవీ మెటల్‌కి పునాది అంటూ ఇవాళ చూపించేది ఆ రికార్డునే. 'పాత రోజుల్లా లేదు', 'ఎప్పుడూ ఇదే వాయిస్తారు' అనే ఫిర్యాదులు రెండూ ఒకే ఆల్బమ్ మీద కనిపిస్తే రెండూ కొట్టేయండి. 'రెండో గిటార్ వినపడటం లేదు', 'ఆరో పాట రెండు నిమిషాలు ఎక్కువైంది' లాంటివే షీట్‌లోకి ఎక్కాలి.

ఫ్యాన్స్ గడులు రెండెందుకు?

విడుదల రాత్రి ఫ్యాన్స్ నెట్‌లో 10కి వేసే మార్కులు ఎక్కువగా 0, 10. ఆ రెండూ పక్కన పెట్టి 4 నుంచి 8 దాకా ఇచ్చినవాళ్లవి చదవండి. గడియారం కూడా చూడాలి. 50 నిమిషాల ఆల్బమ్‌కి 12:10కే తీర్పు వచ్చిందంటే వినకుండా రాసినది. కాకపోతే న్యూజిలాండ్‌లో అర్ధరాత్రి మనకి గురువారం సాయంత్రం నాలుగున్నర లేదా ఐదున్నరకే అవుతుంది. అక్కడివాళ్లని అనుమానించకండి.

నెల తర్వాతి గడికి ప్లే సంఖ్యలు పనికొస్తాయి. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక ప్లే. కంప్యూటర్‌లో ఆల్బమ్ తెరిస్తే పాటల పక్కన సంఖ్యలుంటాయి. 7వ రోజున ఒకసారి, 28వ రోజున ఒకసారి రాసుకోండి. ముందే సింగిల్‌గా వదిలిన పాటల్ని లెక్కలోంచి తీసేయాలి, వాటికి నెలల ముందు నుంచే ప్లేలు పోగవుతాయి. 2వ పాట 40 లక్షల నుంచి 70 లక్షలకి, 9వ పాట 15 లక్షల నుంచి 45 లక్షలకి చేరాయనుకుందాం. రెండూ వారానికి సగటున 10 లక్షల చొప్పునే పెరిగాయి. కానీ 2వ పాటకి అది మొదటి వారంలో నాలుగో వంతు, 9వ పాటకి మూడింట రెండు వంతులు. జనం వెనక్కి వెళ్లి వింటున్నది 9వ పాటని. మొదటి రాత్రి దాన్ని ఎవరూ ఎత్తి ఉండరు.

చార్టులో రెండో వారం ఆల్బమ్ పడిపోయిందని కంగారు వద్దు. ముందస్తు ఆర్డర్లన్నీ మొదటి వారం లెక్కలోకే వస్తాయి. పేరున్న రాక్ బ్యాండ్ ఏదైనా అంతే.

గ్రూపులో రాసేటప్పుడు 'అదిరింది', 'తేలిపోయింది' అని వదిలేయకుండా నిమిషం, సెకను వేయండి. 'సెకండాఫ్ ల్యాగ్' అనే మాట ఆల్బమ్‌కీ చక్కగా అతుకుతుంది, కాకపోతే ఏ పాట నుంచి ఏ పాట దాకా అన్నది చెప్పాలి.

స్టేజి గడి

ఇది అన్నిటికంటే ఆలస్యంగా నిండుతుంది. సెట్‌లిస్ట్ డాట్ ఎఫ్ఎమ్‌లో బ్యాండ్ ఏ రాత్రి ఏ పాటలు వాయించిందో ఉంటుంది. టూర్ మొదటి వారం, టూర్ చివరి వారం, తర్వాతి ఆల్బమ్ టూర్: మూడుసార్లు చూడండి. ఐరన్ మెయిడెన్ 2006లో 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్'ని స్టేజి మీద మొత్తంగా వాయించింది. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చేసరికి కొన్ని పాటలే మిగిల్చి పాత హిట్లకి చోటిచ్చింది. తర్వాతి ఆల్బమ్ టూర్‌లోనూ నిలిచిన కొత్త పాట ఏదైనా ఉంటే దాన్ని షీట్‌లో ఎర్రగా రాయండి.

బ్యాండ్ బెంగళూరుకే వస్తే నెట్ అక్కర్లేదు. కొత్త పాట మొదలవగానే వెనక్కి తిరిగి బీరు కౌంటర్ దగ్గర క్యూ చూడండి. ముందు పాటకి ఎందరున్నారో, ఇప్పుడు ఎందరో లెక్కపెట్టి ఫోన్‌లో రాసుకోండి.